ఎనిమిది అంగుళాలకో చుట్టు

"ఇది మీ చేతిరాతేనా?" అంటూ లోర్నా కాగితాన్ని బల్ల మీద అటువైపు తిప్పింది.

ఓరిన్ బ్లెవిన్స్ కళ్ళజోడు పెట్టుకోకుండానే గుర్తుపట్టాడు.

"నాదే. 'గస్ హెల్విగ్ గారి పనితనం, చూసి తరించండి' అని రాసి షూటింగ్ క్లబ్బు బోర్డుకి నేనే గుచ్చాను. మా క్లబ్బులో అది మామూలే. ఎవరి గురి చెడితే వాళ్ళ కాగితం ఆ బోర్డెక్కుతుంది. నాది కూడా రెండుసార్లు ఎక్కింది."

బుధవారం ఉదయం పదీ పది. మోంటానాలో ఓ చిన్న కౌంటీ జైలు. గస్ హెల్విగ్ చనిపోయి మూడు రోజులైంది. ఆదివారం పొద్దున ఏడూ నలభై ఒకటికి, తన వర్క్‌షాపు గుమ్మం ముందు పడిపోయాడు. కాల్చినవాడు ఎదురుగా ఉన్న కొండ అంచు మీద, పదకొండు వందల గజాల దూరంలో ఉన్నాడు. తూటా మామూలుది కాదు. గస్ స్వయంగా రాగి కడ్డీని లేతు మీద చెక్కి చేసిన పొడవాటి, బరువైన తూటా. అలాంటివి ఆయన యాభై చేశాడు. యాభైనీ ఒక్క మనిషికే ఇచ్చాడు. ఆ మనిషి మూడు వారాల కిందట క్లబ్బులో అందరి ముందూ గస్‌ని పట్టుకుని మోసగాడన్నాడు.

ఆ మనిషే ఇప్పుడు లోర్నా క్విగ్లీకి ఎదురుగా కూర్చున్నాడు.

సాయంత్రం నాలుగింటికి జడ్జి ముందు హత్యానేరం మోపుతారు. మోపితే బెయిలు రాదు. తూటానీ తుపాకినీ పోల్చి చూడటానికి రాష్ట్ర ల్యాబ్‌లో ఆరు వారాలు పడుతుంది. ఇదేమో ఏప్రిల్, ఆవులు ఈనే కాలం. ఓరిన్ ర్యాంచిలో రెండు వందల పది ఆవులున్నాయి. వాటిని చూసుకోవడానికి మణికట్టు విరిగిన భార్య ఎట్టా తప్ప ఎవరూ లేరు. లాయరు ద్వారా ప్రైవేటు డిటెక్టివ్ లోర్నాని పిలిపించింది ఆవిడే.

"ఆరు వారాలు నేను లోపలుంటే, నిర్దోషినని తేలినా నాకు తిరిగెళ్ళడానికి ఏమీ మిగలదమ్మా" అన్నాడు ఓరిన్. గొంతులో ఏడుపు లేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

లోర్నా మళ్ళీ కాగితం వైపు చూసింది. మార్చి ముప్పయ్యో తేదీ, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. వంద గజాల నుంచి కాల్చిన గుర్తులు పన్నెండు. ఒక్కటీ గుండ్రంగా లేదు. తూటా పక్కకి పడుకుని కాగితంలోంచి దూసుకుపోయినట్టు పొడుగాటి చీలికలున్నాయి.

"వంద గజాలకే ఇలా అడ్డం తిరిగాయా?"

"మొదటిది కాల్చగానే నా కళ్ళే పోయాయేమో అనుకున్నా. పన్నెండు కాల్చాక గస్ బుర్రే పోయిందనుకున్నా."

"తర్వాత మీరిద్దరూ మాట్లాడుకోలేదా?"

"మూడు వారాలు మాటల్లేవు. శనివారం సాయంత్రం ఐదింటికి ఆయనే మా ఇంటికొచ్చాడు. చేతిలో ఆపిల్ పై. 'నీ తుపాకి ఓసారి చూస్తానోయ్' అన్నాడు. శుభ్రం చేసే కడ్డీ బ్యారెల్‌లో దూర్చి మెల్లగా లాగాడు. మళ్ళీ దూర్చాడు, మళ్ళీ లాగాడు. ఈల వేశాడు. 'నీ తప్పూ కాదు, నా తప్పూ కాదు. రేపు చెప్తా' అని వెళ్ళిపోయాడు. ఆ రేపు రాలేదు."

"ఇదంతా కేసు చూస్తున్న లెఫ్టినెంట్ స్టానార్డ్‌కి చెప్పారా?"

"లాయరు నోరు మూసుకోమన్నాడు, మూసుకున్నా."

"పన్నెండు కాల్చారు. మిగిలిన ముప్పై ఎనిమిదీ?"

"డబ్బాతో సహా డెల్ అమోరీకిచ్చా. తూకాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమన్నా. నా రైఫిల్‌కి బ్యారెల్ బిగించింది కూడా డెల్లే. ఊళ్ళో తుపాకి పనంటే డెల్. ఇదీ చెప్పలేదు ఎవరికీ, మీకే చెప్తున్నా."

లోర్నా రాసుకుంది. పెన్సిల్ కొత్తది, మొన సన్నగా ఉంది, కాగితం మీద హాయిగా జారుతోంది. ఆమెకి పెళ్ళయి పన్నెండు రోజులు. ఈ పన్నెండు రోజుల్లో పెన్సిళ్ళు, కాఫీ మూతలు, తలుపు గడియలు కూడా బాగా పనిచేస్తున్నట్టు అనిపిస్తోంది. భర్త టోబిన్ లేతు పనివాడు. హనీమూన్ మూడోరోజు సాయంత్రం రెండు గంటలసేపు ఆమెకి తుపాకి గొట్టాల గురించి చెప్పాడు. అప్పుడు అతను టెలిఫోన్ డైరెక్టరీ చదివినా అంతే సంతోషంగా వినేది. కానీ ఇది పనికొచ్చేలా ఉంది.

బ్యారెల్ లోపల మెలితిరిగిన సన్నటి కాలవల్లాంటి గాళ్ళుంటాయి. అవి తూటాని బొంగరంలా తిప్పి పంపుతాయి. తూటా ఎంత పొడుగైతే అంత వేగంగా తిరగాలి, లేకపోతే తూలి అడ్డం పడుతుంది. గస్ చేసిన తూటాకి ఎనిమిది అంగుళాలకో చుట్టు తిరిగే గాళ్ళు కావాలి. పది అంగుళాలకో చుట్టు తిరిగేవైతే చాలవు.

"ఒకటే ప్రశ్న ఓరిన్ గారూ. మీ బ్యారెల్ ఎంత?"

"ఎనిమిది. దాని మీద కొట్టి ఉంది కదా."

"కొలిచారా?"

ఓరిన్ ఆమె వైపు వింతగా చూశాడు. "ముద్ర ఉంటే ఎవరైనా కొలుస్తారా?"

*

పదకొండూ ముప్పై ఐదు. గస్ వర్క్‌షాపు.

గుమ్మం తలుపు రేకుది. ఛాతీ ఎత్తులో ఒక రంధ్రం. పక్కింటావిడ విన్నది రెండు మోతలు, మధ్యలో పదకొండు సెకన్లు. మొదటిది గురి తప్పి తలుపుకి తగిలింది. అదేమిటా అని గస్ వెనక్కి తిరిగాడు. రెండోది ఆయనకి తగిలింది. మొదటి తూటా తలుపు వెనక ఉన్న పైన్ దుంగలో దొరికింది, దాదాపు చెక్కుచెదరకుండా. స్టానార్డ్ చేతిలో ఉన్న సాక్ష్యం అదే.

లోర్నా కొలత పరికరం తీసి రంధ్రం అడ్డంగా కొలిచింది. తర్వాత నిలువుగా. రెండూ ఒకటే. డ్రిల్లు వేసినట్టు గుండ్రంగా ఉంది.

వంద గజాలకే పక్కకి పడుకునే తూటా పదకొండు వందల గజాలు వచ్చి ఇంత గుండ్రటి రంధ్రం చేయలేదు. అసలు అంత దూరం మనిషి ఎత్తుకి రానే రాదు, దారిలో ఏ కుందేలు కన్నంలోనో పడుతుంది.

లోపలికి వెళ్ళింది. పనిముట్లన్నీ పొడవును బట్టి వరసగా వేలాడుతున్నాయి. ఒక్క క్షణం ఆ వరస చూసి ముచ్చటపడింది. బల్ల మీద శుభ్రం చేసే కడ్డీ ఒక్కటే వరస తప్పి పడుంది. దాని పిడి దగ్గర టేపు ముక్క, చిన్న జెండాలా అతికించి ఉంది. కడ్డీ మీద పెన్సిల్ గీతలు రెండు. పోలీసులు దాన్ని ఫోటో తీసి, జాబితాలో 'శుభ్రం చేసే కడ్డీ, ఒకటి' అని రాసుకున్నారు. అంతకంటే ఏం రాసుకోలేదు.

బిగుతుగా గుడ్డ చుట్టిన కడ్డీని బ్యారెల్‌లో లాగితే, గాళ్ళను పట్టుకుని అదే తిరుగుతుంది. జెండా పైన ఉన్నప్పుడు ఒక గీత. చుట్టు పూర్తయి జెండా మళ్ళీ పైకొచ్చినప్పుడు ఇంకో గీత. మధ్య దూరమే ఆ బ్యారెల్ మెలిక.

లోర్నా కడ్డీని ముట్టుకోకుండా పక్కన స్కేలు పెట్టింది. సరిగ్గా పది అంగుళాలు.

*

రెండూ ఇరవై. షెరిఫ్ ఆఫీసులో సాక్ష్యాల గది.

"హనీమూన్ మధ్యలో లేచొచ్చావట" అన్నాడు లెఫ్టినెంట్ స్టానార్డ్, రైఫిల్ పెట్టె తాళం తీస్తూ. "మీ ఆయనేం అనలేదా పెళ్ళికూతురా?"

"అన్నారండీ. లెఫ్టినెంట్ గారిని మరీ ఏడిపించకు అన్నారు."

గది మూలలో స్టూలు మీద కూర్చున్నాయన నవ్వాడు. అరవై దాటిన మనిషి. వేళ్ళ సందుల్లో నూనె మరకలు, మోకాలి మీద టోపీ. డెల్ అమోరీ. తుపాకుల విషయంలో కౌంటీ తరఫున కోర్టులో సాక్ష్యం చెప్పేది ఆయనే, ఇరవై ఏళ్ళుగా.

స్టానార్డ్ తుపాకిని బల్ల మీద పెట్టాడు. "చూడు. దుంగలో దొరికిన తూటా మీద గాళ్ళ గీతలు ఏడు డిగ్రీల వాలున్నాయి. ఏడు డిగ్రీలంటే ఎనిమిది అంగుళాలకో చుట్టు. గాళ్ళు ఐదు. ఓరిన్ బ్యారెల్‌కీ గాళ్ళు ఐదు. ఇక దాని మీదేం రాసుందో నువ్వే చదువు."

లోర్నా వంగి చదివింది. ఎనిమిది.

"మరి క్లబ్బు బోర్డు మీది కాగితం?"

"వేరే తుపాకితో కాల్చిన నాటకం. నా తుపాకితో ఈ తూటా సరిగ్గా పోదు మహాప్రభో అని ముందే ఊరంతా చాటాడు. మూడు వారాల తర్వాత కాల్చాడు. తెలివైనవాడే."

"సాక్షుల సంతకాలున్నాయి కదా?"

"అతను ఏ తుపాకి పట్టుకున్నాడో వాళ్ళేం చూశారు? కాగితం చూశారంతే."

"ఈ బ్యారెల్‌ని కొలిచారా?"

"ముద్ర ఉండగా కొలవడమెందుకు?"

"ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఎవడూ కొలవలేదమ్మా" అన్నాడు అమోరీ మూలలోంచి, మెత్తగా. "డాక్టరు రాసిచ్చిన మందుని మళ్ళీ తూచుకుంటామా?"

"నేను కొత్తగా కాపురం పెట్టాను కదండీ, అన్నీ తూచుకునే కొంటున్నా" అంటూ లోర్నా సంచిలోంచి తను తెచ్చుకున్న ఇంకో కడ్డీ తీసింది.

గుడ్డ బిగించింది. టేపు జెండా అతికించింది. కడ్డీని లోపలికంటా తోసి, జెండా పైకి నిలిచిన చోట గీత పెట్టి, మెల్లగా లాగడం మొదలుపెట్టింది. జెండా పక్కకి వాలింది, కిందికి పోయింది, అటునుంచి పైకి లేచింది. స్టానార్డ్‌కి తెలియకుండానే అతని తల కూడా దాంతోపాటు వంగుతూ వచ్చింది. జెండా మళ్ళీ పైన నిలిచింది. రెండో గీత.

స్కేలు ఆమె పెట్టలేదు, అతనికే ఇచ్చింది.

"పది" అన్నాడు స్టానార్డ్. స్కేలు తిప్పి పెట్టి, "మళ్ళీ" అన్నాడు.

రెండోసారి పది. మూడోసారి తనే లాగాడు. పది.

"ఇంకేముంది, ఫ్యాక్టరీ వాళ్ళ పొరపాటు" అన్నాడు అమోరీ. "అప్పుడప్పుడూ జరిగేదే."

"కాదండీ. ఫ్యాక్టరీ ముద్ర బ్యారెల్ చివరి అంచు మీద ఉంటుంది. బిగించేవాళ్ళు ఆ అంచుని కోసి పారేసి, తమ అచ్చుతో పక్కన మళ్ళీ కొడతారు. ఇది మీరు కొట్టిందే."

టోబిన్ చెప్పిన మాట. ఇంటికెళ్ళగానే అతన్ని ముద్దుపెట్టుకోవాలనుకుంది.

అమోరీ ముఖంలో ఏమీ మారలేదు. "అయితే నాదే పొరపాటు. ఆ రోజు రెండు బ్యారెళ్ళొచ్చాయి, ఒకటి ఎనిమిది, ఒకటి పది. రెంటినీ కోసి, ఒకే బల్ల మీద పెట్టి, తర్వాత ముద్రలు కొట్టా. తారుమారయ్యుంటాయి. వయసైపోయిందమ్మా."

"రెండోది ఎవరికి బిగించారు?"

"చీటీ చూస్తే గానీ గుర్తురాదు. కొట్లో ఉంది, తెస్తా."

స్టానార్డ్ ఏదో అనబోయి ఆగాడు. ఓడిపోయిన మనిషి ఉక్రోషం అనుకుంది లోర్నా. ఆమెకి ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. గెలిచిన ఆనందంలో ఇంకొక మాట అనేసింది.

"ఆ చేత్తోనే ముప్పై ఎనిమిది తూటాల డబ్బా కూడా తీసుకురండి డెల్ గారూ. తూకం చూడమని ఓరిన్ మీకిచ్చిన డబ్బా. ఆదివారం నాటికి ఆయన దగ్గర ఒక్క తూటా కూడా లేదని నాలుగింటికి జడ్జి ముందు ఆయనే చెప్తారు. ఇప్పటిదాకా నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

"దానికేం, పట్టుకొస్తా" అన్నాడు అమోరీ. టోపీ పెట్టుకున్నాడు. వెళ్తూ తలుపు నెమ్మదిగా వేశాడు.

రెండూ యాభై.

*

మూడూ నలభై ఎనిమిది అయినా అమోరీ రాలేదు. స్టానార్డ్ ఈ గంటలో ప్రాసిక్యూటర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాడు. ఆయన వేరే కేసులో జడ్జి ముందే ఉన్నాడు, నాలుగింటి దాకా దొరకడు. స్టానార్డ్ నాలుగోసారి కడ్డీ దూర్చాడు.

"ఎన్నిసార్లు లాగినా అది పదే లెఫ్టినెంట్" అంది లోర్నా.

"తెలుసు." కడ్డీ పక్కన పెట్టాడు. ఆమె వైపు చూడకుండా అన్నాడు. "రెండో బ్యారెల్ నాది."

లోర్నా పెన్సిల్ తీసింది.

"నేను పది కావాలన్నా. నాకు మామూలు తూటాలే, పది చాలు. ఓరిన్‌దీ నాదీ ఒకే రోజు బిగించాడు. నా దాని మీద పది అని ఉంది. అది పది కాదన్నమాట."

"ఈ మాట డెల్ ఎదురుగానే అనొచ్చు కదా!"

"నా తుపాకి గురించి నేనే సాక్ష్యం చెప్పుకోవాలంటే మనిషన్నవాడికి కాస్త టైం పడుతుంది" అన్నాడు కరుగ్గా. "ఆదివారం పొద్దున నేను మా చెల్లెలి ఇంట్లో ఉన్నా, ఆరుగురితో కలిసి ప్యాన్‌కేకులు తింటూ. ఇక్కడికి రెండు గంటల దూరం. కావాలంటే కనుక్కో."

"మిమ్మల్ని అనడం లేదు. మీ రైఫిల్ ఎక్కడుంది?"

"ట్రిగ్గరు బాగుచెయ్యమని శుక్రవారం ఇచ్చా. ఇంకా కాలేదన్నాడు."

"ఎవరికిచ్చారు?" అంది లోర్నా. జవాబు తెలుస్తూనే ఉంది. అయినా అడిగింది.

"డెల్‌కి."

ఇద్దరూ ఒకే లెక్క చేస్తున్నారు, ఒకరు ఒకవైపు నుంచి, ఒకరు ఇంకోవైపు నుంచి.

"శనివారం ఐదూ యాభైకి గస్ ఒక ఫోన్ చేశాడు" అన్నాడు స్టానార్డ్. "నాలుగు నిమిషాలు మాట్లాడాడు. డెల్ కొట్టుకి. ఇద్దరూ పాత స్నేహితులు కదా అని నేను పట్టించుకోలేదు."

"క్లబ్బులో చెప్పేముందు స్నేహితుడికి చెప్పాడు. నీ ముద్ర తప్పురా అని."

"ముద్ర తప్పయితే మనిషిని చంపుతారా?"

"ఆయన ముద్ర చూసి చెప్పిన మాట మీద కోర్టులో ఎవరికైనా శిక్ష పడిందా?"

స్టానార్డ్ కుర్చీ లాక్కున్నాడు. "పోయిన ఏడాది ఒకడికి యావజ్జీవం పడింది. అంతకుముందు ఇద్దరికి. మూడుసార్లూ డెల్ ముద్ర చదివాడు, నేను రాసుకున్నా. ఒక్కసారీ కొలవలేదు. ఈ తప్పు బయటపడితే ఆ మూడు కేసులూ మళ్ళీ తెరవాల్సిందే."

"ఆదివారానికి ఆయన చేతిలో మీ రైఫిల్ ఉంది, అది నిజంగా ఎనిమిదని అప్పటికే తెలుసు. గస్ తూటాలున్నాయి. నేరం ఎవరి మీదికి పోతుందో తెలుసు, ఎందుకంటే తుపాకి చూసి ఇది ఎనిమిదే అని చెప్పాల్సింది ఆయనే."

"రుజువేది? ముద్ర తప్పు కొట్టడం నేరం కాదు. నా రైఫిల్ ఆయన దగ్గరుండటం నేరం కాదు. తూటాలు ఆయన దగ్గరున్నాయని చెప్పగలిగేది..."

స్టానార్డ్ ఆగిపోయాడు. లోర్నా అప్పటికే లేచి నిలబడింది. గడియారం మూడూ యాభై ఐదు. చెప్పగలిగేది ఒక్క ఓరిన్. అతను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని, నాలుగింటికి చెప్తాడని ఆమే నోరారా చెప్పి పంపింది.

జైలుకీ కోర్టుకీ మధ్య కంకర పరిచిన ఖాళీ స్థలం. ఎనభై అడుగులు. ఖైదీని నడిపించే తీసుకెళ్తారు.

స్టానార్డ్ రేడియోలో అరిచాడు. "బ్లెవిన్స్‌ని బయటికి తేవద్దు!"

"తెచ్చేశాం సార్. సగం దూరం..."

లోర్నా తలుపు తోసుకుని పరిగెత్తింది. ఎండ కళ్ళలో పడింది. కంకర మధ్యలో బేడీలతో ఓరిన్, పక్కన కాపలాగా ఒక డిప్యూటీ. రైలు పట్టాల అవతల ధాన్యం గోదాము, దాని వెనక మెట్ట. అన్నీ ఖాళీగా, ప్రశాంతంగా ఉన్నాయి.

"ఓరిన్ గారూ! పడుకోండి!"

డిప్యూటీ ఎందుకని తల తిప్పాడు. ఓరిన్ ఎందుకని అడగలేదు. ఉన్నపళాన మోకాళ్ళ మీద కూలి కంకర మీద బోర్లా పడ్డాడు. అతను నిలబడ్డ చోట గాలి చిరిగినట్టు చప్పుడైంది, వెనక కోర్టు గోడలోంచి ఇటుక ముక్కలు ఎగిరాయి. ఆ తర్వాత, సెకనుకి కాస్త పైగా ఆలస్యంగా, మెట్ట మీద నుంచి మోత వినిపించింది.

డిప్యూటీ అప్పుడు పడుకున్నాడు.

లోర్నా, స్టానార్డ్ గోడ వారగా నిలిపి ఉన్న జీపు చాటుకి పాకారు. అక్కడి నుంచి స్టానార్డ్ కంకర మీద పాక్కుంటూ వెళ్ళి, ఓరిన్ కాలర్ పట్టుకుని జీపు చాటుకి లాక్కొచ్చాడు. రేడియోలో మెట్ట చుట్టూ ఉన్న దారులు మూసెయ్యమని చెప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. తర్వాత జేబులోంచి తాళంచెవి తీశాడు. మొదటిసారి కుదరలేదు, రెండోసారి కుదిరింది. బేడీలు కంకర మీద పడ్డాయి.

ఓరిన్ మణికట్లు రుద్దుకుంటూ వాటి వైపు చూశాడు, స్టానార్డ్ వైపు చూశాడు.

"అంటే నన్ను వదిలేసినట్టేనా?"

"వదిలేశాను" అన్నాడు స్టానార్డ్. "కానీ లేవకండి."